పామును త్రాడనుకొన్నప్పుడు

మన ఆలంకారికులు చెప్పిన అలంకారములలో భ్రాంతిమంతము చాల అందమైనది. రెండు వస్తువులకు పోలిక గాఢముగా నున్నప్పుడు ఒకదానిని చూచి మరియొకటి యనుకొనుట దాని లక్షణము. తుమ్మెద నాయిక ముఖమును పద్మమనుకొని ముసురుకొనును. చకోరము వెన్నెల యనుకొని తెల్లని మేడగోడను ముక్కుతో పొడుచును. కవి ఈ పొరపాటును కల్పించి మనలను మురిపించును. పొరపడిన తుమ్మెదకు తెలివి లేదని ఏ విమర్శకుడును నిందింపలేదు. పోలిక అంతటిదని మెచ్చుకొనిరి.

ఇదే భ్రాంతి కావ్యమును విడిచి ఆసుపత్రిలోని ఆపరేషను థియేటరులో అడుగు పెట్టినచో దాని ఫలము వేరు. అచ్చట పోలిక అలంకారము కాదు, అపాయము. వేదాంతులు ఉదాహరించు రజ్జుసర్పభ్రాంతిలో మనుష్యుడు త్రాటిని చూచి పామనుకొని బెదరును. దీపము తెచ్చి చూడగా ఆ బెదురు తీరిపోవును. థియేటరులో జరుగునది దీనికి తలక్రిందు. అచ్చట పామును చూచి త్రాడనుకొందురు. భయము కలుగదు; కావుననే దీపము తెచ్చి చూడవలెనను తలంపును రాదు.

శస్త్రచికిత్స జరుగునప్పుడు రోగి తలవైపున మత్తుడాక్టరు నిలుచును. ఆయన ప్రక్కనున్న చిన్న బల్లమీద పళ్లెములో సిరంజిలు వరుసగా నుండును. ఒకదానిలో నిద్రపుచ్చు మందు, ఒకదానిలో కండరములను సడలించు మందు, ఒకదానిలో నొప్పిని తెలియనీయని మందు. రక్తపోటు పడిపోయినచో నిలబెట్టుటకొకటి, గుండె మందగించినచో వేగిరపరచుటకొకటి, సడలిన కండరములకు మరల బలము తెప్పించుటకొకటి. పాలవలె తెల్లగానుండు ప్రోపోఫోలును మినహాయించినచో తక్కినవి దాదాపుగా అన్నియు నీటివలె నుండును. హంస పాలను నీటిని వేరుచేయునని మన కవిసమయము. నీటినుండి నీటిని వేరుచేయు హంస ఇంకను పుట్టలేదు.

అందులో ఒక్క మందును గూర్చి తెలిసికొన్నను ఈ పోలిక ఎంత ప్రమాదమో బోధపడును. కండరములను సడలించు మందు నిద్రపుచ్చదు, నొప్పిని తగ్గింపదు. మెలకువగానున్న రోగికి అది పొరపాటున ఎక్కినచో కాలుచేతులేకాక ఊపిరి తీయు కండరములును కదలవు. తనకేమగుచున్నదో రోగికి తెలియుచునేయుండును. నోరు విప్పి చెప్పలేడు, కన్ను కదపలేడు. ప్రక్కనున్నవారు వెంటనే గ్రహించి యంత్రముతో శ్వాస ఇయ్యనిచో ప్రాణము దక్కదు.

వార్డులో మందు రోగిని చేరు త్రోవ పొడవైనది. డాక్టరు చీటీ వ్రాయును. ఫార్మసిస్టు దానిని చదివి మందు తీసి ఇచ్చును. నర్సు ఆ మందును, చీటీని, రోగి పేరును సరిచూచుకొని వేయును. ఒకరి పొరపాటు మరియొకరి కంట బడుటకు అవకాశములున్నవి. మత్తుడాక్టరు విషయములో ఈ పనులన్నియు ఒక్కరివే. ఏ మందు కావలయునో నిశ్చయించునది ఆయన. ఆంప్యూలు విరుచునది, సిరంజిలోనికి లాగునది, నరములోనికి ఎక్కించునది ఆయనయే. ఇదంతయు కొన్ని క్షణములలో, ఒక్కొక్కప్పుడు రోగి ప్రాణముమీదికి వచ్చిన వేళ జరుగవలెను. తన వ్రాతను తానే దిద్దుకొను విద్యార్థికి తన తప్పు కనబడదని ఉపాధ్యాయులందరును ఎరుగుదురు. వాడు వ్రాసినదానిని చదువడు, వ్రాయదలచినదానిని చదువును.

అమెరికాలోని బోస్టను నగరమున మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ అను వైద్యశాల కలదు. ఈథరుతో మత్తు కలిగించి శస్త్రచికిత్స చేయవచ్చునని 1846లో లోకమునకు బహిరంగముగా చూపినది అచ్చటనే. ఆ చోటనే కొందరు పరిశోధకులు 277 శస్త్రచికిత్సలు జరుగుచుండగా ప్రక్కన నిలిచి, మందు ఇచ్చిన ప్రతి సందర్భమును వ్రాసికొని, 2016లో తమ లెక్కను ప్రకటించిరి. 3,671 మారులు మందు ఇయ్యగా 193 మారులు ఏదో ఒక పొరపాటు గాని, మందువలన హాని గాని కనబడెను. అనగా ఇంచుమించు 20కి ఒకటి. సిరంజికి లేబిలు అంటింపకపోవుట వంటివియు ఈ లెక్కలో చేరినవి. అంతకు ముందు 2001లో న్యూజీలాండునుండి వెలువడిన మరియొక లెక్క డాక్టర్లు తమంత తాము నింపి ఇచ్చిన పత్రములమీద ఆధారపడినది. అందులో 133 మందికి మత్తు ఇచ్చినప్పుడు ఒక పొరపాటు తేలెను. మొదటిది మందుల లెక్క, రెండవది రోగుల లెక్క; కావున రెండింటిని నేరుగా తూచరాదు. అయినను తన పొరపాటును తాను చెప్పుకొనుట వేరు, ఒకరు నిలిచి చూచి వ్రాయుట వేరు అని వీనివలన తోచకపోదు.

ఆ న్యూజీలాండులోనే ఒక వ్యవహారము న్యాయస్థానముల దాక పోయి, తుదకు చట్టమునే మార్పించినది. ఒక చిన్న ఆసుపత్రిలో శస్త్రచికిత్స ముగిసి మెలకువ వచ్చుచున్న ఒక రోగికి హఠాత్తుగా ఊపిరి అడ్డుపడెను. శ్వాసను ప్రేరేపించుటకు డోప్రామ్ అను మందు కావలసి వచ్చెను. డాక్టరు ఆ మందునకు కేటాయించిన అరలో చేయిపెట్టి, దొరికిన ఆంప్యూలు తీసి ఎక్కించెను. ఆ అరలో నున్నది డోప్రామ్ కాదు, డోపమిన్. అది గుండెమీద, రక్తపోటుమీద పనిచేయు తీవ్రమైన మందు. సాధారణముగా దానిని పలుచన చేసి సెలైనుతో చుక్కచుక్కగా ఎక్కింతురు. దానిని వేరెవరో ఆ అరలో పెట్టియుండిరి. రోగి మరణించెను. జరిగిన పొరపాటును ఆ డాక్టరు దాచలేదు. తానే కనుగొని తెలిపెను.

డోప్రామ్, డోపమిన్. ఈ రెండు పేర్లకు ఛందస్సులో యతి చెల్లును. ప్రాసకును ఇంచుమించు దగ్గరకు వచ్చును. పద్యమున కది శోభ. ప్రాణము పోవుచున్న రోగి ప్రక్కన, అరమీది పేరును మనస్సులో నుంచుకొని ఆంప్యూలుమీది పేరును చూచు కంటికి, మొదటి రెండక్షరములు కనబడినంతనే తక్కినవి కనబడినట్లే తోచును. మన తాళపత్ర గ్రంథముల లేఖకులు ఒక పంక్తిలోని పదమును చూచి, అట్టిదే మరియొక పదము క్రింది పంక్తిలో నుండగా, నడుమనున్న పంక్తిని విడిచిపెట్టిపోవుట పరిష్కర్తలకు నిత్యానుభవము. ఆ లేఖకులు సోమరులు కారు. పోలిక వారి కన్నును లాగికొనిపోయినది. ఎఫెడ్రిన్, ఎపినెఫ్రిన్ అను మరియొక జంట కలదు. రెండును రక్తపోటును పెంచునవే గాని రెండవదాని తీవ్రత చాల హెచ్చు. మనదేశమున రెండవదానిని అడ్రినలిన్ అనియే వాడుట వలన ఈ ఒక్క జంట బాధ మనకు కొంత తప్పినది. పోలికగల పేర్లలో తేడాగల భాగమును మాత్రము పెద్ద అక్షరములతో అచ్చువేయు పద్ధతిని ఆంగ్లమున ప్రవేశపెట్టిరి. పెద్దబడి, చిన్నబడి అక్షరములు లేని మన లిపిలో ఈ ఉపాయము చెల్లదు. అయితే మన ఆంప్యూళ్లమీది పేర్లును ఎక్కువగా ఆంగ్లమునందే యుండును గదా.

న్యాయవిచారణలో ఆ డాక్టరు నరహత్యాదోషియని తేల్చిరి. 1990లో అప్పీలు కోర్టును ఆ తీర్పును నిలిపినది. ఆనాటి ఆ దేశపు చట్టము ప్రకారము సామాన్యమైన అజాగ్రత్తయే ఆ నేరమునకు చాలును. ఇట్టి కేసులు మరికొన్ని వచ్చిన మీదట వైద్యలోకము కలవరపడెను; 1997లో చట్టమును సవరించి, ఉండవలసిన జాగ్రత్తకు మిక్కిలి దూరముగా తొలగిన నడవడి యున్నప్పుడే నేరమగునని మార్చిరి. అలన్ మెర్రీ అను న్యూజీలాండు మత్తుడాక్టరును, అలెగ్జాండర్ మెక్కాల్ స్మిత్ అను న్యాయశాస్త్రాచార్యుడును కలిసి 2001లో ఈ విషయముమీద ఒక గ్రంథము ప్రకటించిరి. బోట్స్వానాలోని ఒక స్త్రీ అపరాధపరిశోధకురాలిని నాయికగా చేసి నవలలు వ్రాసి లోకప్రసిద్ధుడైన మెక్కాల్ స్మితే ఈయన. తెలియక జరుగు పొరపాటును, తెలిసి చేయు ఉల్లంఘనను వేరుచేసి చూడవలెనని వారి వాదము. వాదము సమంజసమైనది. అయినను ఆంప్యూలు చదువకుండుట ఏ కోవలోనిది? తొందరలో కన్ను జారినచో పొరపాటు. చదువనక్కరలేదని అలవాటు చేసికొన్నచో అది ఉల్లంఘనయే. కోర్టు ఏమన్నను, ఈ రెంటి నడుమ గీత గీయవలసినవాడు మొదట ఆ ఆంప్యూలు పట్టుకొన్న మనుష్యుడే. మరణించినవారి బంధువులకు ఈ విచక్షణ ఏమాత్రము ఓదార్పు కాజాలదనుటయు నిజమే.

పోలిక అనునది పేర్లతో పోవునది కాదు. 1947 అక్టోబరు 13న ఇంగ్లాండులోని చెస్టర్ఫీల్డ్ ఆసుపత్రిలో ఆల్బర్ట్ వూలీ, సెసిల్ రో అను ఇద్దరికి చిన్న శస్త్రచికిత్సలు జరిగెను. ఇద్దరికిని వెన్నులో మత్తుసూది ఇచ్చిరి. ఇద్దరికిని నడుము క్రింది భాగము పక్షవాతముతో శాశ్వతముగా చెడిపోయెను. మందు గాజు ఆంప్యూళ్లను పైన శుభ్రముగా నుంచుటకై వానిని ఫినాలు ద్రవములో ముంచి యుంచుట అచ్చటి అలవాటు. కంటికి కనబడని బీటలగుండ ఆ ఫినాలు లోనికి ఇంకి మందుతో కలిసెనని కోర్టు నమ్మెను. 1954లో అప్పీలు విచారించిన న్యాయమూర్తులలో ఒకరైన డెన్నింగ్, 1954 నాటి తెలివితో 1947 నాటి పనిని తూచరాదని చెప్పి డాక్టరును నిర్దోషిగా ఎంచెను. ఇట్టి బీటలు పడునని ముందే తెలిసియున్నచో ఆ ఫినాలుకు ముదురు నీలిరంగు కలిపియుండెడివారు, కలిసినచో వెంటనే బయటపడెడిదని కూడ ఆయన గుర్తించెను. అసలు కారణము ఫినాలు కాదనియు, సూదులు, సిరంజిలు మరగించు పాత్రను శుభ్రపరచుటకు వాడిన ఆమ్లము అందులో మిగిలిపోయి యుండవచ్చుననియు 1990లో మరియొక పరిశోధకుడు వాదించెను. ఏది నిజమైనను, రెండు కథలలోను దోషి నీటివలె నుండు ద్రవమే. ఈ కేసు పిమ్మట ఇంగ్లాండులో వెన్నులో మత్తుసూది యన్నచో పెక్కేండ్లు జంకిరి.

నేడు మనదేశమున ఆ సూది ఇంటింట ఎరిగినదే. సిజేరియను కాన్పులలో చాలవాటికి తల్లికి వెన్నులో బుపివకైన్ అను మందు ఇచ్చి, నడుము క్రింద స్పర్శ లేకుండ చేయుదురు. తల్లి మెలకువతో నుండి బిడ్డ ఏడ్పును వినును. అదే థియేటరులో, అదే బల్లమీద, రక్తస్రావమును అరికట్టుటకు ట్రానెక్సామిక్ ఆసిడ్ అను మరియొక మందును సిద్ధముగా నుంతురు. జపానులో ఒకమోటో దంపతులు 1962లో లోకమునకు తెలిపిన మందు అది. 21 దేశములలో 20,060 మంది బాలింతలమీద జరిపిన పరిశోధన ఫలితము 2017లో వెలువడినది. కాన్పు తరువాత రక్తము పోవుచున్న తల్లులకు ఆ మందును త్వరగా నరములోనికి ఎక్కించినచో రక్తస్రావమువలని మరణములు తగ్గునని తేలినది. అనగా అది తల్లుల ప్రాణము నిలుపు మందు. కాని అదియే నరములోనికి గాక వెన్నులోనికి పోయినచో విషమగును. మొద్దుబారవలసిన కాళ్లలో నొప్పియు, అదురును పుట్టును. తరువాత మూర్ఛలు వచ్చును. గుండె లయ తప్పును. 2019లో ఒక వైద్యపత్రికలో వెలువడిన సమీక్ష ఇట్టి 21 ఘటనలను పరిశీలించినది. వారిలో 10 మంది మరణించిరి. 21లో 20 ఘటనలకు కారణము ఒక ఆంప్యూలుకు బదులు వేరొక ఆంప్యూలు తీయుటయే. 2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని గూర్చి దేశములన్నింటికి హెచ్చరిక పంపినది: రెండును పారదర్శకమైన గాజులో పారదర్శకమైన ద్రవములు, రెండును ప్రక్కప్రక్కన పెట్టబడుచున్నవి, వేరుగా నుంచవలెను అని.

ఈ హెచ్చరికలో "జాగ్రత్తగా నుండుడు" అను ఉపదేశముకంటె "వేరుగా నుంచుడు" అను మాటకు విలువ ఎక్కువ. జాగ్రత్త మనుష్యునితో పాటు అలసిపోవును. నడిరాత్రి మూడవ సిజేరియను వేళకు అది ఉదయమున నున్నంత ఉండదు. వేరొక అర అలసిపోదు. వెన్నుసూది సామగ్రి ఉంచు పెట్టెలో వెన్నులోనికి పోదగినది తప్ప మరియొక మందు ఉండరాదని నియమము పెట్టుకొన్న థియేటరులో, ఆ పెట్టెలో చేయిపెట్టిన వానికి పాము దొరకదు. ఇందుకు ఖర్చు ఒక అట్టపెట్టె.

ఖర్చుతో గూడిన ఉపాయములును కలవు. సిరంజి మూతిని సూదికి, గొట్టమునకు తగిలించు అమరిక 19వ శతాబ్దాంతమున పారిస్ నగరమున ఏర్పడినది. దానిని కనిపెట్టిన ఇంటివారి పేర లూయర్ అందురు. అది అన్నిటికి సరిపోవును. సరిపోవుటయే దాని గొప్ప, సరిపోవుటయే దాని దోషము; నరమునకు ఉద్దేశించిన సిరంజి వెన్నుసూదికిని చక్కగా అమరును. కావున 2016లో వెన్నుసూదులకు వేరు కొలతగల మూతిని అంతర్జాతీయ ప్రమాణముగా ప్రకటించిరి. అది లూయర్ కంటె సుమారు 20 శాతము సన్నము, గుర్తుగా పసుపురంగు. ఇది తాళమునకు తగిన చెవి వంటిది. కాని సిరంజిలోనికి లాగిన మందే తప్పైనచో ఏ చెవియు ఆపజాలదు. చెవి చూచునది తాళమునే గాని, తలుపు తీయువానిని కాదు.

అందుచేత లేబిలు మాట మరల రావలసినదే. సిరంజిలకు అంటించు లేబిళ్లకు 2008లో ఒక అంతర్జాతీయ వర్ణక్రమము ఏర్పడినది. నిద్రపుచ్చు మందులకు పసుపు, మత్తుకు ముందు కలతను తగ్గించు డయజిపామ్ జాతి మందులకు నారింజ, కండరములను సడలించు మందులకు ఎరుపు, మార్ఫిను జాతికి నీలి, రక్తపోటును పెంచు మందులకు ఊదా, స్థానికముగా మొద్దుబరచు మందులకు బూడిదరంగు, అట్రోపిన్ వంటి వానికి ఆకుపచ్చ. ఒక మందు ప్రభావమును విరుచు మందుకు ఆ రంగే వేసి, తెల్లని ఏటవాలు చారలు చేర్చుదురు. విరుగుడు తన విషమును పోలియుండియు వేరుగా కనబడు ఈ ఏర్పాటు ముచ్చటైనది. అయితే రంగు జాతిని చెప్పును, వ్యక్తిని చెప్పదు. ఎరుపు లేబిళ్ల సిరంజిలు రెండు ప్రక్కప్రక్కన నున్నచో ఏది ఏదియో రంగు చెప్పజాలదు; పేరు చదువవలసినదే. రంగును చూచి చదువుట మానుకొన్నవానికి రంగే పోలికగా మారి మోసము చేయును.

లేబిలు లేని ద్రవమేమి చేయునో 1995 డిసెంబరులో అమెరికాలోని ఫ్లారిడాలో ఒక చిన్న చెవి శస్త్రచికిత్స చూపినది. రోగి ఏడేండ్ల బాలుడు. సూదితో ఎక్కింపవలసిన మొద్దుబరచు మందును, దూదితో పైన అద్దవలసిన గాఢమైన అడ్రినలినును వేర్వేరు గిన్నెలలో పోసియుంచిరి. సిరంజి తప్పు గిన్నెనుండి నిండెను. బాలుడు దక్కలేదు. ఆ ఆసుపత్రివారు మిగిలిన సిరంజిలను పారవేయక పరీక్షకు పంపి, తేలిన నిజమును తల్లిదండ్రులకు తామే తెలిపి, మూతలేని గిన్నెలో పోయు పద్ధతిని మాన్పించిరి. గిన్నెలో పోసిన క్షణమున మందు తన పేరును సీసాలోనే వదలివచ్చును. పేరు వ్రాయకయే సిరంజిని చేతినుండి విడిచినచో, "ఇది ఫలానా యని నాకు జ్ఞాపకమే" అనువాదమునకు తావీయక, దానిని పారవేయవలెను.

ఇక మిగిలినది రెండవవాని కన్ను. ఒకరు పేరును, మోతాదును, గడువు తేదీని బయటికి చదువుట, మరియొకరు ఆంప్యూలు చూచి ఔననుట మంచి పద్ధతి. అయితే మొదటివాడు "ఇది బుపివకైనే గదా" అని అడిగినచో రెండవవాడు చూడకయే ఔనని తలయూపును. "ఇదేమి మందు?" అని అడిగినప్పుడే వాడు చదువును. పాఠము చెప్పు వారికి ఈ రెండు ప్రశ్నలకు గల తేడా విశదముగా తెలియును. లేబిలుమీది గీతల గుర్తును చదివి మందు పేరును పైకి పలుకు యంత్రములు న్యూజీలాండులో వచ్చినవి; ఆ గొంతును కట్టివేయక వినువారికే వానివలన లాభము.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సకు ఒక సరిచూచు పట్టికను ప్రకటించినది. మత్తుయంత్రమును, మందులను సరిచూచిరా, రోగికి పడని మందు ఏదైన కలదా అను ప్రశ్నలు అందులో మొదటనే యున్నవి. ఢిల్లీతో సహా 8 నగరములలో దీనిని పరీక్షింపగా మరణములు 1.5 శాతమునుండి 0.8 శాతమునకు దిగినట్లు 2009లో ప్రకటించిరి. ఆ పట్టికలో అందరును తమ పేరును, తమ పనిని ఒకరికొకరు చెప్పుకొనవలెనని ఒక అంశము కలదు. చూచుటకు లాంఛనమువలె కనబడును. మన ఆసుపత్రులలో అది లాంఛనము కాదు. పెద్ద డాక్టరుగారి చేతిలోని సిరంజిని చూచి, నిన్న ఉద్యోగములో చేరిన నర్సు "సార్, ఒక్క నిమిషము, ఆ ఆంప్యూలు ఒకమారు చూడనీయండి" అనవలెనన్నచో, అంతకుముందు ఒకమారైనను ఆమె గొంతు ఆ గదిలో వినబడి యుండవలెను. "చూడమ్మా, మంచిది" అని ఆయన చేయి ఆపవలెను. ఆ ఆంప్యూలు సరియైనదే యని తేలినను విసుగుకొనరాదు. విసుగుకొన్నచో రేపు ఆమె అడుగదు.

విరిచిన ఆంప్యూళ్లను వెంటనే చెత్తలో వేయక, రోగి థియేటరు దాటువరకు ఒక పళ్లెములో వరుసగా నుంచుట మరియొక మంచి అలవాటు. మొద్దుబారవలసిన తల్లి కాళ్లు అదరినప్పుడు డాక్టరు మొదట చూడవలసినది ఆ పళ్లెమునే.